పామర్‌స్టన్ నార్త్‌లో స్కూల్ రగ్బీ: పిల్లాడు టీమ్‌లో లేకపోయినా ఫాలో అవ్వొచ్చా?

పామీకి_కొత్త:

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో ఆక్లాండ్ నుంచి పామర్‌స్టన్ నార్త్‌కి వచ్చేశాం. మావారికి ఇక్కడ హాస్పిటల్లో ఉద్యోగం. బాబు ఇయర్ 9లో చేరాడు, మన లెక్కలో ఎనిమిదో తరగతి. వాడు ఆడేది బ్యాడ్మింటన్. కానీ స్కూల్లో చేరిన నెలరోజుల నుంచీ ఇంట్లో ఒకటే మాట, ఫస్ట్ ఫిఫ్టీన్. అంటే స్కూలు ప్రధాన రగ్బీ జట్టని వాడే చెప్పాడు. ఎనిమిదో నంబర్ ఆటగాడు వరండాలో ఎదురుపడి తనని పలకరించాడని అన్నం తింటూ రెండుసార్లు చెప్పాడు.

పోయిన శనివారం వాడి పోరు పడలేక ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. గ్రౌండ్ చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడ్డాం. చలి, గాలి, సన్నగా వాన. ఆట ఎందుకు ఆగుతోందో, మళ్ళీ ఎందుకు మొదలవుతోందో నాకు అర్థం కాలేదు. సెకండ్ హాఫ్‌లో ఒక అబ్బాయి కింద పడి వెంటనే లేవలేదు. లేచాక కాళ్ళు తడబడ్డాయి. రిఫరీ జేబులోంచి నీలం రంగు కార్డు తీసి చూపించాడు, అబ్బాయిని బయటికి తీసుకెళ్ళారు. నా పక్కనే నిలబడ్డావిడ చేతిలోని ఫ్లాస్కు మూత కింద పెట్టి మాట్లాడకుండా అటు నడిచింది. వాళ్ళమ్మే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మావాడు మాత్రం సీజన్ మొత్తం చూస్తానంటున్నాడు. ఏ పోటీ ఏమిటి, ఎవరితో ఎవరికి పంతం, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరైనా కాస్త చెప్పండి. ఇంకొకటి. మన పిల్లాడు ఆ టీమ్‌లో లేడు, ఆ తల్లిదండ్రులెవరూ మాకు తెలియదు. ప్రతి శనివారం వెళ్ళి నిలబడితే వాళ్ళు ఏమైనా అనుకుంటారా?

ఏలూరు_బస్సు:

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఎవరూ ఏమీ అనుకోరు. మా ఇంట్లో రగ్బీ బంతి ముట్టుకున్నవాళ్ళే లేరు. మాకు ఒక్కతే అమ్మాయి, దాని ధ్యాసంతా డిబేటింగ్ మీద. నేను 2009 నుంచి ఈ చుట్టుపక్కల చార్టర్ బస్సు నడుపుతున్నాను. వారంలో ఐదు రోజులు స్కూలు ట్రిప్పులు, శీతాకాలం శనివారాల్లో వేరే ఊళ్ళకి టీమ్‌ల ట్రిప్పులు. మొదట్లో ఆట అయ్యేదాకా బస్సులోనే కునుకు తీసేవాణ్ణి. ఒక జులైలో బస్సు హీటర్ పాడైంది. లోపల కూర్చుంటే కాళ్ళు కొయ్యబారిపోతుంటే దిగి, జనంలో నిలబడితే కాస్త వెచ్చగా ఉంటుందని తాడు దగ్గరికి వెళ్ళాను. ఎవరో ముసలాయన పలకరించి, నా చేతిలో టీ కప్పు పెట్టి, ఆటయ్యేదాకా ఒక్కొక్క పిల్లాడి గురించి చెప్పాడు. ఆయన మనవడు కూడా ఆ టీమ్‌లో లేడు. ఆ రోజు నుంచి నేను బస్సులో పడుకోలేదు.

ఆట సంగతి. కబడ్డీ తెలిసినవాళ్ళకి ఇది తొందరగానే పట్టుబడుతుంది. బంతి చేత్తో ముందుకి విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకి వెళ్ళాలంటే బంతి పట్టుకుని పరుగెత్తాలి, లేదా తన్నాలి. పట్టుకుని పడేస్తే పడ్డవాడు బంతి వదిలెయ్యాలి. అప్పుడు దాని మీదికి రెండు జట్లవాళ్ళూ ఒంగి తోసుకుంటారు చూడండి, అది రక్. మీకు అర్థంకాని విజిళ్ళలో సగం అక్కడివే: వదలాల్సినవాడు వదల్లేదనో, పక్క నుంచి దూరారనో. గీత దాటి బంతి నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత తన్నే తన్ను రెండు కర్రల మధ్య నుంచి వెళ్తే ఇంకో 2. పెనాల్టీ తన్ను 3. స్కూలు పిల్లలకి ఒక్కో హాఫ్ 35 నిమిషాలు. రెండు జట్ల ముందువరుసలవాళ్ళు ఒంగి, భుజాలు కలిపి ఎదురెదురుగా తోసుకునేది స్క్రమ్. అందులో స్కూలు పిల్లలు మీటరున్నరకి మించి తోయకూడదు.

మొదటి నాలుగు మ్యాచ్‌లు బంతిని చూడకండి, తొమ్మిదో నంబర్‌ని చూడండి. చాలావరకు జట్టులో చిన్నగా ఉండేవాడు వాడే. ప్రతి రక్ దగ్గరికీ వాడే పరుగెత్తుకొస్తాడు, బంతి తీసి ఎటు ఇవ్వాలో వాడే తేలుస్తాడు. వాడి కళ్ళు ఎటు తిరిగితే ఆట అటు తిరుగుతుంది. పక్కనే ఫీల్డింగ్ ఊరి హైస్కూల్లో ఇలాంటి తొమ్మిదో నంబర్ పిల్లాడే ఆరన్ స్మిత్. తర్వాత ఆల్ బ్లాక్స్‌కి, అంటే న్యూజిలాండ్ జాతీయ జట్టుకి, 125 టెస్టులు ఆడాడు. అదే స్కూలువాళ్ళు సామ్ వైట్‌లాక్, కోడీ టేలర్. వైట్‌లాక్ ఆడిన 153 టెస్టులు ఆల్ బ్లాక్స్ రికార్డు. శుక్రవారం పశువుల సంత జరిగే ఊరది. మన ఊరి నుంచి ఇరవై నిమిషాల దారి.

ఇక పోటీలు. మీ బాబు చదివేది బాయ్స్ హై, అంటే పామర్‌స్టన్ నార్త్ బాయ్స్ హైస్కూల్ అయితే అసలు సందడి సూపర్ 8. హామిల్టన్, తౌరంగా, రొటొరువా, గిస్బర్న్, నేపియర్, హేస్టింగ్స్, న్యూ ప్లిమత్, మన పామర్‌స్టన్ నార్త్, ఈ ఎనిమిది ఊళ్ళ బాయ్స్ స్కూళ్ళు. అందులోనూ నేపియర్‌తో ఆడే ఆట వేరు. దాన్ని పోల్సన్ బ్యానర్ అంటారు. కప్పు కాదు, జెండాలాంటి పతాకం. 1904 నుంచి ఈ రెండు స్కూళ్ళ మధ్యే నడుస్తోంది. అప్పటికి మన స్కూలు పెట్టి రెండేళ్ళు. సీజన్లో ఒక్క మ్యాచ్‌కే వెళ్ళగలిగితే దానికే వెళ్ళండి. డెబ్బై దాటిన పెద్దమనుషులు, వాళ్ళ బడి రోజుల టై కట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నిలబడతారు. స్కూలు మొత్తం హాకా, అంటే కాళ్ళు నేలకి కొడుతూ అరుస్తూ చేసే మావోరీ నృత్యం, మొదలుపెట్టగానే వాళ్ళ పెదాలు కూడా కదులుతాయి. మీరు తాడుకి దగ్గరగా ఉంటే అరికాళ్ళ కింద నేల అదరడం తెలుస్తుంది.

మొఆస్కర్ కప్ అని ఇంకొకటి వింటారు. అది లీగ్ కాదు. కప్పు ఎవరి దగ్గరుందో వాళ్ళు దాన్ని పందెంలో పెట్టి సొంత గ్రౌండులో ఆడతారు, ఓడితే గెలిచినవాళ్ళు పట్టుకుపోతారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఈజిప్టులో మొఆస్కర్ అనే శిబిరంలో సైనిక జట్ల మధ్య జరిగిన పోటీలో న్యూజిలాండ్ సైనికులు గెలిచి తెచ్చిన కప్పది. 1920లో స్కూళ్ళకి ఇచ్చారు. దాని పీఠం విమానం ప్రొపెల్లర్ చెక్క. చివర్లో దేశం మొత్తానికి టాప్ ఫోర్. నాలుగు ప్రాంతాల విజేతలు ఆడతారు. ఈమధ్య అది మన ఊళ్ళోనే పెట్టారు, మళ్ళీ పెడితే మాత్రం వదలకండి.

మ్యాచ్‌ల పట్టికని ఇక్కడ డ్రా అంటారు. స్కూలు ఫేస్‌బుక్ పేజీలో, మనవాటూ రగ్బీ వాళ్ళ సైట్లో వారం మధ్యలో పెడతారు. గ్రౌండు ఆఖరి నిమిషంలో మారుతుంది, వాన పడితే మరీను. శనివారం పొద్దున ఇంకోసారి చూసుకుని బయల్దేరండి.

దెబ్బల గురించి నాకన్నా తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

హేస్టింగ్స్_నర్సు:

నేను చెబుతాను. ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తాను, శీతాకాలం శనివారం సాయంత్రం మా వెయిటింగ్ రూమ్‌లో బురద బూట్లే ఎక్కువ.

మీరు చూసింది బ్లూ కార్డ్. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, రిఫరీ అది చూపిస్తాడు. చూపించాక ఆ పిల్లాడు ఆ రోజు మళ్ళీ గ్రౌండులోకి రాకూడదు. నేను బాగానే ఉన్నానన్నా, కోచ్ అడిగినా, నాన్న అడిగినా కుదరదు. ఆ తర్వాత కనీసం మూడు వారాలు ఆటకి దూరం. డాక్టర్ చూసి సరేనంటేనే మళ్ళీ ఆడాలి. అది శిక్షేం కాదు. ఆ కార్డు బయటికి వచ్చిందంటే అక్కడి పెద్దవాళ్ళు తమ పని తాము చేశారన్నమాట. నాకు భయం వేసేది కార్డు రానప్పుడు. ఆదివారం మధ్యాహ్నం తలనొప్పి, వాంతులతో ఒక అబ్బాయి వస్తాడు, నిన్న ఆటలో తగిలింది కానీ ఎవరికీ చెప్పలేదంటాడు, వచ్చే వారం సెమీఫైనల్ ఉందని. అలాంటి అబ్బాయి పక్కన ఒకసారి ఆదివారం అంతా కూర్చున్నాను. వెలుతురు పడట్లేదని కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, సెమీఫైనల్‌కి ఎన్ని రోజులుందో నన్నే లెక్కపెట్టమన్నాడు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. స్థానిక ఆటల్లో 2023 నుంచి టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడేసే ఎత్తు తగ్గించారు. మొదట పట్టుకునేవాడు రొమ్ము ఎముక కిందే పట్టుకోవాలి. మెడ మీద, తల మీద చెయ్యి పడితే విజిల్. చికిత్స ఖర్చు గురించి కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడతారు కానీ ఆటలో తగిలిన దెబ్బలు ఏసీసీ, అంటే ఇక్కడి ప్రభుత్వ ప్రమాద బీమా కిందికి వస్తాయి.

మీ బాబు రేపు ఆడతానన్నా ఆపకండి, కానీ ఒక్క మాట మాత్రం ఇంట్లో ఇప్పటి నుంచే చెబుతూ ఉండండి: తలకి తగిలితే దాచకూడదు. మా ఇద్దరు పిల్లలకీ కారు ఎక్కిన ప్రతిసారీ చెబుతాను. విసుక్కుంటారు. విసుక్కున్నా సరే, చెబుతాను.

నార్త్‌షోర్_రవ్వ:

ఆక్లాండ్ నుంచి. ఆటంటే నాకూ ఇష్టమే, ప్రొఫెషనల్ జట్లు ఆడే సూపర్ రగ్బీ ఒక్క మ్యాచ్ వదలను. కానీ స్కూలు టీమ్‌ని ఫాలో అవ్వడం నాకు అర్థం కాదు. ఏటా సగం మంది స్కూలు వదిలి వెళ్ళిపోతారు. ఈ ఏడాది మీరు పేర్లు నేర్చుకుంటే వచ్చే ఏడాది అందరూ కొత్తవాళ్ళే. పైగా పెద్ద స్కూళ్ళు స్కాలర్‌షిప్ ఆశ చూపించి చిన్న స్కూళ్ళలో బాగా ఆడేవాణ్ణి లాక్కుంటాయి. 2018 చివర్లో మా దగ్గర మిగతా స్కూళ్ళన్నీ కలిసి, బయటి నుంచి ఆటగాళ్ళని తెచ్చుకుంటోందని ఒక స్కూలుతో వచ్చే ఏడాది ఆడేదే లేదన్నాయి. తర్వాత పిల్లల మీద ఒత్తిడి ఎక్కువైందని మా 1ఏ, అంటే ఆక్లాండ్ స్కూళ్ళ పెద్ద పోటీలో ఆడే స్కూళ్ళ ప్రిన్సిపాళ్ళు టీవీ ప్రసారాలే వద్దన్నారు. పదహారేళ్ళ పిల్లల ఆట చుట్టూ ఇంత గోల జరగడం మంచిదేనా? మన జనం కూడా వెళ్ళి దాన్ని ఇంకా పెంచడం ఎందుకని నా అభిప్రాయం.

పామీకి_కొత్త:

నర్సు గారూ, చాలా థాంక్స్. మీరు రాసింది మావారికి కూడా చదివి వినిపించాను. బాబుకి చెప్పడం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టాను.

నార్త్‌షోర్ గారు అడిగింది నా మనసులోనూ ఉంది బస్సు గారూ. ఏటా మారిపోయే టీమ్‌లో మీరు పదిహేనేళ్ళకి పైగా ఏం చూస్తున్నారు?

ఏలూరు_బస్సు:

నార్త్‌షోర్ గారు చెప్పినవన్నీ నిజమే, కాదనను. చిన్న స్కూలు కోచ్ ఒకాయన నా బస్సులో ముందు సీట్లో కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. పదమూడో ఏట బూట్లు కట్టుకోవడం దగ్గర నుంచి నేర్పిన కుర్రాడు పదహారో ఏట వేరే ఊరి స్కూలు జెర్సీలో ఎదురుగా నిలబడ్డాడు. పిల్లాడి తప్పేం లేదు, వాళ్ళింట్లో డబ్బు అవసరం. కానీ ఆ రోజు వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో మిగతా పిల్లల్ని చూస్తే మనసు బాగోలేదు. టీవీ వద్దనడం కూడా నాకు సబబుగానే అనిపించింది. ఈ ఆటని తాడు దగ్గర నిలబడే చూడాలి.

ఏం చూస్తున్నానని అడిగారు కదమ్మా. ఒక అబ్బాయి గురించి చెబుతాను. పేరు రాయను.

ఇక్కడ జెర్సీలు 1 నుంచి 22 దాకా ఉంటాయి. 15 దాటినవాళ్ళు బయట కూర్చునే రిజర్వులు. ఈ అబ్బాయి ఇయర్ 11లో ఉన్నప్పుడు సెకండ్ ఫిఫ్టీన్‌లో ఆడేవాడు. ఫస్ట్ ఫిఫ్టీన్ బస్సులో చోటుంటే సహాయానికి వచ్చేవాడు, నీళ్ళ సీసాలు మోసేవాడు. ఇయర్ 12లో 22వ నంబర్ ఇచ్చారు. అంటే జట్టులో ఉన్నట్టే, ఆడతాడా లేదా అన్నది మాత్రం ఆ రోజుని బట్టి. ఆ సీజన్ దాదాపు అంతా వాడు వార్మప్ జాకెట్ విప్పలేదు.

ఆట అయ్యాక ఏం చేసేవాడో నేను అద్దంలో చూసేవాణ్ణి. మిగతావాళ్ళు స్నానాలకి వెళ్ళాక, తడిసిన జెర్సీలన్నీ బస్సు మెట్ల దగ్గర పోసుకుని ఒక్కొక్కటే తిరగేసి, మట్టి దులిపి, నంబర్ పైకి వచ్చేలా మడిచి, 1 నుంచి వరసగా సంచిలో పెట్టేవాడు. ఎవరూ చెప్పలేదు. టీమ్ మేనేజర్ చెయ్యాల్సిన పని అది. చివర్లో 22వది, తన సొంత జెర్సీ, విప్పి అన్నిటికన్నా పైన పెట్టేవాడు. దానికి మట్టి ఉండేది కాదు. అయినా రెండు చేతులతో దులిపేవాడు.

అప్పట్లో మేం నేపియర్ వెళ్ళాలంటే సాడిల్ రోడ్ మీదుగా వెళ్ళేవాళ్ళం. 2017లో కొండచరియ విరిగిపడి మనవాటూ నది లోయలోంచి వెళ్ళే గార్జ్ రోడ్డు మూసేశారు కదా, 2025 జూన్‌లో కొత్త హైవే తెరిచేదాకా మాకు ఆ కొండే దారి. ఒక్కో మలుపుకీ గేరు మార్చాలి, పైన గాలిమరల మధ్య బస్సు పక్కకి ఊగేది. పిల్లలకి వికారం. ఈ అబ్బాయి ముందు సీట్లో నా వెనకే కూర్చుని ప్లాస్టిక్ సంచులు పంచేవాడు. వుడ్‌విల్ దిగాక అందరి మొహాల్లోకి రంగు తిరిగొచ్చేది. అప్పుడు నేను డబ్బా మూత తీసేవాణ్ణి. మా ఆవిడ పులిహోర కట్టి ఇచ్చేది నాకు. వాసనకి నలుగురు ముందుకి వచ్చేవాళ్ళు. వీడికి వేరుశనగలు ఇష్టం. నిమ్మకాయ పులిహోరకీ చింతపండు పులిహోరకీ తేడా చెప్పేంత దాకా వచ్చాడు.

ఇయర్ 13. ఆఖరి ఏడాది. మళ్ళీ 22. నేను వాళ్ళ కోచ్‌ని ఏమీ అనలేను, నాకేం తెలుసు ఆట గురించి. కానీ ప్రతి శనివారం సెకండ్ హాఫ్ మొదలైతే నా కళ్ళు గ్రౌండు మీద ఉండేవి కాదు, ఆ బెంచీ మీద ఉండేవి. ఒక ఆగస్టు శనివారం, ఊరవతల ఒక గ్రౌండులో, ఆఖరి పావుగంటలో ముందు వరుసలో ఒకడికి మోకాలు తిరగబడింది. వీడి పేరు పిలిచారు. జాకెట్ జిప్ రాలేదు. చేతులు చలికి బిగుసుకుపోయాయో, టెన్షనో. పక్కనున్న రిజర్వు అబ్బాయి ఒంగి పళ్ళతో లాగి తీశాడు జిప్పు.

ఆ పావుగంటలో వాడు ట్రై ఏమీ కొట్టలేదు. మూడు స్క్రమ్‌లు పట్టాడు. రెండు టాకిల్‌లు చేశాడు. ఒకటి తప్పిపోయింది. మ్యాచ్ గెలిచామా ఓడామా అంటే ఓడిపోయాం. విజిల్ పడ్డాక మొహం నిండా మట్టితో వచ్చి బస్సు మెట్ల దగ్గర ఎప్పటిలాగే జెర్సీలు మడవడం మొదలుపెట్టాడు. అప్పుడు కెప్టెన్ వచ్చి పక్కన కూర్చుని తనూ ఒకటి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకడు. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ కూర్చున్నారు ఆ తడి నేల మీద. 22వ నంబర్‌ని వాడికి ఇవ్వలేదు, కెప్టెనే దులిపి మడిచి పైన పెట్టాడు.

ఆ అబ్బాయి ఇప్పుడు డానవిర్క్ దగ్గర ఎలక్ట్రీషియన్. హైవేలో ఎదురైతే వ్యాను లైట్లు వేసి చూపిస్తాడు.

టీమ్ ఏటా మారిపోతుందన్నారు. అందుకే చూస్తున్నాను. ఆల్ బ్లాక్స్ అయ్యేవాణ్ణి టీవీలో పదేళ్ళు చూడొచ్చు. ఈ పిల్లల్లో చాలామందికి ఇదే ఆఖరి జెర్సీ, దాన్ని వాళ్ళు వేసుకునేది ఒకటో రెండో ఏళ్ళు. ఆ రెండేళ్ళూ ఎవరో ఒకరు తాడు దగ్గర ఉండి, పేరు తెలుసుకుని, బాగా ఆడావురా అనాలి. కన్నవాళ్ళే అంటే అది వేరు. ఏ సంబంధమూ లేని మనిషి వచ్చి అంటే పిల్లల మొహం ఎలా మారుతుందో నేను చూశాను.

హామిల్టన్_నాన్న:

ఒక చిన్న మాట కలుపుతాను. ఇప్పటిదాకా అంతా అబ్బాయిల గురించే నడుస్తోంది. మా అమ్మాయి ఇయర్ 10, హుకర్, అంటే స్క్రమ్‌లో ముందు వరుస మధ్యలో ఆడుతుంది. 2022 నవంబర్ 12న ఈడెన్ పార్క్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్, ఇంగ్లండ్ మీద న్యూజిలాండ్ 34-31తో గెలిచింది, మేం ఇంట్లో కూర్చుని చూశాం. మర్నాడు పొద్దున్నే బంతి కొనమంది. మా ఊళ్ళో గర్ల్స్ హై టీమ్ దేశంలోనే పేరున్న టీమ్, అయినా వాళ్ళ మ్యాచ్‌కి తాడు దగ్గర నలభై మంది ఉంటే గొప్ప. పక్క గ్రౌండులో అబ్బాయిలకి వందల మంది. బస్సు గారు చెప్పిన ఫీల్డింగ్ హైస్కూల్లోనే చదువుకుంది సారా హిరిని, టోక్యోలో, పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) జట్టు మనిషి. పామీకి కొత్తగా వచ్చిన చెల్లెమ్మా, మీ ఊళ్ళోనూ అమ్మాయిల టీమ్‌లు ఉన్నాయి. శనివారం అబ్బాయిలది చూస్తే వారం మధ్యలో అమ్మాయిలది ఒక్కటైనా చూడండి. నలభై మందిలో ఇద్దరు పెరిగినా ఆడేవాళ్ళకి వినబడుతుంది.

నార్త్‌షోర్_రవ్వ:

బస్సు గారూ, చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, ఆ లాక్కోవడాలు ఆగాలనే అంటాను. కానీ మా ఇంటి వెనకే ఒక స్కూలు గ్రౌండు ఉంది, ఆరేళ్ళుగా శనివారం కేకలు వినబడుతుంటే కిటికీ మూసేవాణ్ణి. ఈ వారం వెళ్ళి చూస్తాను.

పామీకి_కొత్త:

నిన్న వెళ్ళొచ్చాం. తొమ్మిదో నంబర్‌నే చూశాను. మీరు చెప్పింది నిజం బస్సు గారూ, సెకండ్ హాఫ్‌కి వచ్చేసరికి విజిల్ ఎందుకు పడిందో రెండుసార్లు ముందే చెప్పగలిగాను. బాబు నోరు తెరుచుకుని నా వైపు చూశాడు.

పోయినసారి బ్లూ కార్డ్ పడ్డ అబ్బాయి ఆడలేదు, కోటు వేసుకుని టీమ్ పక్కన నిలబడ్డాడు. వాళ్ళమ్మ నన్ను గుర్తుపట్టింది. అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగాను. తలనొప్పి తగ్గిందట, ఇంకో రెండు వారాలు ఆగాలట. తన ఫ్లాస్కు మూతలో నాకు సూప్ పోసింది, గుమ్మడికాయది. మేం అట్లతద్దికి ఇంట్లో చేసుకునే గుమ్మడికాయ పులుసు గురించి చెబితే రెసిపీ అడిగింది. ఆట అయిపోయాక ఇద్దరం అక్కడే అరగంట మాట్లాడుకున్నాం. నాకు ఈ ఊళ్ళో ఫోన్ నంబర్ ఇచ్చిన మొదటి మనిషి.

ఆ తర్వాత వాన పెద్దదైతే బాబుని తీసుకుని రగ్బీ మ్యూజియంకి వెళ్ళాం. అది ఈ ఊళ్ళోనే, తె మనావా అనే పెద్ద మ్యూజియం లోపల ఉందని పక్కనున్నాయన చెప్పాడు. చార్లెస్ మన్రో గురించి అక్కడే తెలిసింది. ఇంగ్లండులో చదువుకుని వచ్చి ఈ దేశానికి రగ్బీ తెచ్చినాయన. 1870 మే 14న నెల్సన్‌లో ఇక్కడి మొట్టమొదటి మ్యాచ్ ఆడింది ఊరి క్లబ్బూ నెల్సన్ కాలేజీ పిల్లలూనట. అంటే మొదటి ఆటలోనే ఒక స్కూలు టీమ్ ఉంది! ఆయన తర్వాత పామర్‌స్టన్ నార్త్‌లో స్థిరపడ్డాడు. బాబు అదంతా ఆక్లాండులో ఉన్న వాళ్ళ పాత ఫ్రెండ్‌కి ఫోన్లో చెబుతున్నాడు ఇప్పుడు.

ఒక్క సంగతి. రిజర్వుల బెంచీ వైపు కూడా చూశాను. 22వ నంబర్ అబ్బాయి మొత్తం ఆట జాకెట్లోనే ఉన్నాడు. పేరు తెలియలేదు. వచ్చే శనివారం వేరే ఊళ్ళో మ్యాచ్ అని డ్రాలో ఉంది, మీరే తీసుకెళ్తారా?

ఏలూరు_బస్సు:

నేనే అమ్మా. న్యూ ప్లిమత్. దూరం కదా, పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి. అక్కడి గ్రౌండుని గల్లీ అంటారు, చుట్టూ పచ్చిక మెట్లు గుంటలోకి దిగినట్టు ఉంటాయి, పైనుంచి చూస్తే అంతా కనిపిస్తుంది. కారులో వస్తే వాంగనూయి దగ్గర ఒకసారి ఆగి రండి. గొడుగు వద్దు, వెనకవాళ్ళకి అడ్డం, రెయిన్ కోటు తెచ్చుకోండి. బాబుకి బూట్లు వేరే జత పెట్టండి.

22వ నంబర్ అబ్బాయి పేరు శుక్రవారానికి కనుక్కుని చెబుతాను. మా ఆవిడతో చెప్పాను, డబ్బా పెద్దది కట్టమని.